22ఏలో ఇరుక్కున్న మా సింగ్‌నగర్ స్థలం, దాన్ని బయటికి తెచ్చిన డాక్యుమెంట్ రైటర్

5కి మూడున్నర ఇస్తున్నా. పనికి నాలుగున్నర, డబ్బు దగ్గర నసిగినందుకు ఒకటి కోత.

విజయవాడ సింగ్‌నగర్‌లో అమ్మ పేరు మీద ప్రభుత్వం ఇచ్చిన ఇంటి స్థలం ఉంది, పట్టా ఇచ్చి పాతికేళ్లు దాటింది. అమ్ముదామని రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్తే ఆ సర్వే నంబరు మొత్తం 22ఏ జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని ఆస్తుల జాబితా) ఉంది, రిజిస్ట్రేషన్ అవ్వదన్నారు. 1977 అసైన్డ్ భూముల చట్టం ప్రకారం ప్రభుత్వం ఇచ్చిన ఇలాంటి స్థలాలు ఎవరికీ అమ్మకూడదు, నిజమే, కానీ తర్వాత సవరణలు చేసి ఇంటి స్థలమైతే పట్టా తేదీ నుంచి 10 ఏళ్లు దాటాక అమ్ముకోవచ్చన్నారు కదా. చట్టం మారింది గానీ కంప్యూటర్‌లో జాబితా దానంతటదే మారదు, మా స్థలం మేమే అర్జీ పెట్టుకుని తీయించుకోవాల్సి వచ్చింది.

అందుకే ఒక డాక్యుమెంట్ రైటర్ దగ్గరికి వెళ్లాం (పేరు రాయను). అసలు తలనొప్పి పట్టా కాగితమే. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు ట్రంకుపెట్టె మూడు రోజులు నీళ్లలోనే ఉంది, అమ్మ ఆ కాగితాన్ని ఫ్యాను కింద ఇస్త్రీ చీర మీద పరిచి ఆరబెట్టింది గానీ మడత పడిన చోట నంబరు చెదిరి 3 అంటే 3, 8 అంటే 8 అన్నట్టుంది. ఆయన కళ్లజోడు పైకి తోసి, ఫోన్ లైటు కాగితం వెనక పెట్టి చూసి, "ఇది పనికిరాదమ్మా, తహసీల్దారు ఆఫీసులో రికార్డు నుంచి నకలు తీద్దాం" అన్నాడు. తీయించాడు కూడా. పట్టాలో కృష్ణా జిల్లా అని ఉంటుంది, ఇప్పుడు మనది ఎన్టీఆర్ జిల్లా, అర్జీలో రెండూ ఎలా రాయాలో, ఆధార్‌లో తేడాగా ఉన్న ఇంటిపేరుకి ఏం జత చేయాలో ఆయనే చూసుకున్నాడు. నాలుగు నెలలు పట్టింది, ఆ టెన్షన్‌లో అమ్మకి బీపీ మాత్ర డోసు పెరిగింది, అది వేరే సంగతి.

డబ్బు విషయానికొస్తే ముందు 8 వేలన్నాడు, చివరికి 14 అయ్యింది. "పైఖర్చులు" అంటాడు, ఏం పైఖర్చులో కాగితం మీద రాయమంటే నవ్వుతాడు. వెళ్లేవాళ్లు మొదటిరోజే చీటీ రాయించుకోండి.

ఇంకోటి చెప్పాలి. మా ఎదురింటాయన అలాంటి స్థలమే ఏళ్ల క్రితం సగం రేటుకి నోటరీ మీద కొన్నాడు. పట్టా ఉన్నావిడ చనిపోయింది, పిల్లలు హైదరాబాద్‌లో ఉన్నారు, ఇప్పుడు రేటు పెరిగేసరికి సంతకానికి రామంటున్నారు. నాతోపాటే వచ్చి అడ్వాన్సు 5 వేలు బల్ల మీద పెట్టాడు పాపం. రైటర్ ఆ డబ్బు ముట్టుకోలేదు. "వారసులు రాకుండా నేనేం చేయలేను బాబాయ్, ముందు వాళ్లని ఒప్పించు, అప్పటిదాకా నాకు రూపాయి ఇవ్వకు" అని నోట్లు వెనక్కి తోశాడు. కోసిన మార్కులో సగం దీనికే తిరిగి కలపాలనిపించింది గానీ ఆ 14 వేలు గుర్తొచ్చి ఆగాను.