గుర్రం ఎముకలతో ఒంగోలు గిత్త: రిగిఫై వాడకందారు మాట

బ్లెండర్ అనే త్రీడీ యానిమేషన్ సాఫ్ట్‌వేర్‌లో, బొమ్మని కదిలించే ఎముకల గూడు (రిగ్) తయారుచేసిపెట్టే యాడాన్ రిగిఫై. అందులో జంతువుల మెటారిగ్‌లు, అంటే మన మోడల్‌కి సరిపడేలా దిద్దుకునే ఎముకల నమూనాలు, తెరిస్తే పిల్లి, తోడేలు, గుర్రం, సొరచేప, పక్షి కనిపిస్తాయి. ఎద్దు లేదు, గేదె లేదు, మేక లేదు. మన ఊరి కథలకు బొమ్మలు కదిలించేవాడికి నిత్యం కావలసినవి అవే. అయినా బ్లెండర్‌లో జంతువుల పాత్రలు చేయడం నేర్చుకుంటాం అన్నవాళ్లకు ముందు రిగిఫైనే పట్టుకోమంటాను. ఎందుకంటే అందులో, మెటారిగ్‌ని మార్చాక దాన్నుంచి రిగ్‌ని మళ్లీ తయారుచేసే రీ-జనరేట్ అని ఒక బటన్ ఉంది. దాని మీద నాకున్న ప్రేమ ఇంట్లోవాళ్లకు అర్థం కాదు.

సంక్రాంతి బండలాగుడు మీద చిన్న వీడియో చేయాల్సి వచ్చింది. గిత్తల జత కావాలి. గుర్రం మెటారిగ్ తీసుకుని, మెడ కుదించి, కాళ్లు పొట్టి చేసి మోడల్లో అమర్చాను. కాళ్ల దగ్గర గుర్రానికీ ఎద్దుకీ పెద్ద పేచీ లేదు, రెండూ గిట్టల మీదే నడుస్తాయి. ముందు కాలికి మనం మోకాలనుకునేది నిజానికి మణికట్టు. వెనక కాలు వెనక్కి విరిగినట్టు కనిపించే చోటు మడమ. అసలు మోకాలు ఇంకా పైన, పొట్ట దగ్గర ఉంటుంది. మెటారిగ్‌లో ఎముకల వరస చూస్తూ కూర్చుంటేనే ఇదంతా వంటబడుతుంది. గిట్ట చీలిక మోడల్లో కనిపిస్తే చాలు, నడకకైతే విడిగా రెండు ఎముకలు అక్కర్లేదు.

చిక్కంతా గంగడోలు దగ్గరొచ్చింది. ఏ ఎముకతో ఎంత చర్మం కదలాలో చెప్పే లెక్కలే వెయిట్లు. వాటిని తనంతట తానే పంచే ఆటోమేటిక్ వెయిట్స్‌కి గంగడోలంటే ఏమిటో తెలియదు. చర్మాన్ని దగ్గర్లో ఏ ఎముక కనబడితే దానికి కట్టేస్తుంది. గిత్తకేమో అది గొంతు కింద నుంచి ముందు కాళ్ల మధ్యదాకా వేలాడుతుంది. దాంతో కింది అంచు కొంత ఎడమ కాలికి, కొంత కుడి కాలికి పోయింది. ఎడమ కాలు ముందుకేస్తే గంగడోలు ఎడమకి సాగుతుంది, కుడి కాలేస్తే కుడికి. ఇద్దరు పిల్లలు ఒకే దుప్పటి కోసం లాక్కుంటున్నట్టు ఉంది. బండ లాగేటప్పుడు గిత్త తల దించి మెడంతా ముందుకు తోస్తుంది కదా, అందరి కళ్లూ సరిగ్గా అక్కడే ఉంటాయి.

చేత్తో కట్టుకున్న రిగ్ అయితే ఆ దశలో కొత్త ఎముకలు చేర్చడమంటే వాటికి కంట్రోళ్లూ (పట్టుకుని కదిలించే పిడులు), కన్‌స్ట్రెయింట్లూ (ఎముకల కదలికని కట్టడి చేసే నియమాలు) చేత్తో వేసుకోవడమే. ఇక్కడ మెటారిగ్‌కి తిరిగెళ్లి, గొంతు కింద మూడు ఎముకల గొలుసు వేసి, దాన్ని మెడ ఎముకకి తగిలించాను. మొదటి ఎముకకి రిగ్ టైప్‌గా, అంటే ఆ గొలుసుకి ఎలాంటి కంట్రోళ్లు రావాలో చెప్పే రకంగా, సింపుల్ టెంటకిల్ ఇచ్చాను. అది ఆక్టోపస్ చేతుల కోసం పెట్టినట్టుంటుంది గానీ గంగడోలుకి అతికినట్టు సరిపోయింది. మూపురానికి ఒక్క ఎముక, దానికి ఒంటి ఎముకల కోసం ఉన్న సూపర్ కాపీ అనే టైప్. రీ-జనరేట్ నొక్కాను.

నడక ఎక్కడికీ పోలేదు. కాళ్లకీ తోకకీ గంటల తరబడి దిద్దుకున్న వెయిట్లు అలాగే ఉన్నాయి. చర్మాన్ని కదిలించే డెఫ్ ఎముకల పేర్లు మారలేదు కాబట్టి మోడల్ వాటిని గుర్తుపట్టింది. కొత్త ఎముకల్ని మాత్రం ఎంచుకుని, వెయిట్ పెయింట్‌లో అసైన్ ఆటోమేటిక్ ఫ్రమ్ బోన్స్ కొట్టి, గంగడోలు మీద రంగుగా కనిపించే కాళ్ల వెయిట్లు మిగిలితే తుడిచేశాను. ఆ రాత్రే గిత్త అడుగేస్తే గంగడోలు ఒక ఫ్రేము ఆలస్యంగా ఊగింది. కాసేపు పని మానేసి దాన్నే తిప్పి తిప్పి చూశాను.

నొక్కితే చాలు అన్నట్టు చెప్పాను గానీ, కొన్ని షరతులున్నాయి. తయారైన రిగ్ మీద చేత్తో పెట్టిన కన్‌స్ట్రెయింట్లు రీ-జనరేట్‌తో తుడిచిపెట్టుకుపోతాయి. ఏం చేసినా మెటారిగ్‌లోనే చేయాలి, లేదంటే చివర్లో నడిచేలా ఒక పైథాన్ స్క్రిప్ట్ తగిలించాలి. మెటారిగ్‌లో ఎముక పేరు మారిస్తే పాత వెయిట్లు అనాథలైపోతాయి. 2023లో వచ్చిన బ్లెండర్ 4.0లో, ఎముకల్ని గుంపులుగా పెట్టుకునే లేయర్లు పోయి బోన్ కలెక్షన్లు వచ్చాయి. నంబర్లకి బదులు పేర్లు రావడం హాయే, కానీ పాత గిత్తల్ని కొత్త పద్ధతికి మార్చుకునే పని మిగిలింది. కొమ్ములు విడి ముక్కలైతే వాటిని ఆటోమేటిక్ వెయిట్స్‌కి వదలొద్దు, మొత్తంగా తల ఎముకకే రాసేయండి.

పడుకున్న ఎద్దుని లేపడం మాత్రం ఇప్పటికీ నాకు తలనొప్పే. గుర్రం ముందు కాళ్లు చాపి ముందు భాగం లేపుతుంది. ఎద్దు ముందు కాళ్ల మోకాళ్ల మీద ఆనుకుని వెనక భాగం లేపుతుంది. ఐకే (కాలి కొసని కదిలిస్తే మిగతా ఎముకలు దాని వెంట సర్దుకునే పద్ధతి) అయితే కంట్రోల్ గిట్ట దగ్గర ఉంటుంది, నేలకి ఆనాల్సిందేమో మోకాలు. ఎఫ్‌కేకి (పైనుంచి ఒక్కో ఎముకనీ తిప్పుకుంటూ వచ్చే పద్ధతికి) మారిస్తే ఒళ్లు కదిలినప్పుడల్లా మోకాలు నేల మీద జారుతుంది. ఫ్రేము ఫ్రేముకీ సరిచేసుకోవాలి. తోడేలూ గుర్రమూ చేసేవాళ్లకి ఈ బాధ తెలియకపోవచ్చు.

నేను చేసేది ఎక్కువగా పిల్లల పాటలు. గిత్త దూరంగా నడుస్తుంది, తల ఊపుతుంది, అంతే. గడువులు కూడా దగ్గర దగ్గరగా ఉంటాయి. వాటికి ఇది చాలు. చర్మం కింద భుజం ఎముక జారడం, కండ బిగియడం దగ్గరి షాట్లో కనబడాలంటే దీంతో కుదరదు, విడిగా రిగ్ కట్టేవాళ్లుండాలి. మేకకి కూడా ఈ గుర్రమే వాడుతున్నాను, గడ్డం కింద అదే టెంటకిల్. ఏనుగు తొండానికి పనికొస్తుందేమో గానీ, కాళ్లకి గుర్రం ఎముకలు పెట్టమని ఎవరికీ చెప్పలేను.