మెమ్‌టెస్ట్86 ప్లస్: కొత్త ర్యామ్ వేశాక పీసీ క్రాష్ అవుతుంటే ఇది ఎంతవరకు పనికొస్తుంది

ర్యామ్ పెంచిన మర్నాటి నుంచే పీసీ తనంతట తాను రీస్టార్ట్ అవుతుంది. ఒకరోజు బ్లూ స్క్రీన్, ఇంకోరోజు బ్రౌజర్‌లో ట్యాబులు ఒక్కొక్కటే పోతాయి, జిప్ ఫైల్ విప్పబోతే పాడైందంటుంది. ఎవరిని అడిగినా వచ్చే జవాబు ఒక్కటే: "మెమ్‌టెస్ట్ వేసి చూడు." అంటే ర్యామ్‌లో విలువలు రాసి, తిరిగి చదివి తప్పులు పట్టే సాఫ్ట్‌వేర్ నడపమని. సలహా మంచిదే. ఏ మెమ్‌టెస్ట్ వేయాలి, ఎంతసేపు వేయాలి, ఎర్రర్ వస్తే దాన్ని ఎలా చదవాలి అన్న దగ్గరే చాలామంది బోల్తా పడతారు.

ఒకే ఇంటిపేరుతో రెండు సాఫ్ట్‌వేర్లున్నాయి. మెమ్‌టెస్ట్86 పాస్‌మార్క్ కంపెనీది. దాని ఉచిత ఎడిషన్ నాలుగు పాస్‌ల దగ్గర ఆగిపోతుంది (టెస్టులన్నీ ఒక చుట్టు పూర్తయితే ఒక పాస్). మెమ్‌టెస్ట్86 ప్లస్ పూర్తిగా ఉచితం, ఓపెన్ సోర్స్, ఆపేదాకా తిరుగుతూనే ఉంటుంది. ఈ రివ్యూ ప్లస్ గురించి. వెర్షన్ కూడా చూసుకోండి. రిపేరు షాపుల పెన్‌డ్రైవ్‌లలో ఇప్పటికీ కనిపించే 5.01 ఏకంగా 2013 నాటిది, యూఈఎఫ్ఐ (ఇప్పటి పీసీల్లో పాత బయోస్ స్థానంలో వచ్చింది) మోడ్‌లో బూటే అవదు. 2022లో దాదాపు కొత్తగా రాసి 6.00 వదిలారు, 2024 జనవరిలో 7.00 వచ్చింది. డీడీఆర్5 (డీడీఆర్4 తర్వాతి తరం ర్యామ్) ఉన్నవాళ్లు పాతదాని జోలికి పోవద్దు.

అసలు ఇది వేయాల్సిన కేసేనా అన్నది ముందు విండోస్ తనకు జరిగినవన్నీ రాసిపెట్టుకునే ఈవెంట్ వ్యూయర్‌లో తేల్చుకోవాలి. సిస్టం లాగ్‌లో "కెర్నల్-పవర్ 41" కనిపించగానే ఎస్ఎంపీఎస్ (పవర్ సప్లై) పోయిందని తీర్పు ఇచ్చేసేవాళ్లు ఉన్నారు. పాపం ఆ 41 చెప్పేది ఒక్కటే, సిస్టం పద్ధతిగా షట్‌డౌన్ కాలేదని. అసలు విషయం దాని డీటెయిల్స్ ట్యాబ్‌లో, బగ్‌చెక్ కోడ్ (బ్లూ స్క్రీన్ నంబరు) అన్న వరుసలో ఉంటుంది. అక్కడ అంకెలు దశాంశంలో ఉంటాయి. 26 ఉంటే మెమరీ మేనేజ్‌మెంట్, 80 అయితే పేజ్ ఫాల్ట్, 10 అయితే ఐఆర్‌క్యూఎల్ అనే బ్లూ స్క్రీన్ ఎర్రర్లు. మూడింటిలో ఏదైనా డ్రైవర్ వల్ల కూడా రావచ్చు. కానీ ర్యామ్ మార్చాక ఇవి రోజుకొకటి మారుతూ వస్తున్నాయంటే మొదటి అనుమానం ర్యామ్ మీదే. 292 అంటే హార్డ్‌వేరే స్వయంగా ఫిర్యాదు చేసిందని అర్థం. ప్రాసెసర్, వోల్టేజీ, పీసీఐఈ (కార్డులు గుచ్చే స్లాట్లు) వైపు చూడాలి. 0 ఉంటే బ్లూ స్క్రీన్ రాసుకునే టైము కూడా విండోస్‌కి దొరకలేదని. గ్రాఫిక్స్ కార్డు మార్చాక గేమ్ మధ్యలో టప్‌మని ఆగి ఈ 0 కనిపిస్తే మెమ్‌టెస్ట్‌తో రాత్రంతా వృథా చేసుకోకండి. ముందు కార్డుకి వెళ్లే కేబుళ్లు చూడండి. 8 పిన్ కనెక్టరు ఒక్కోటి 150 వాట్ల లెక్క. రెండు కనెక్టర్లున్న కార్డుకి ఒకే కేబుల్ చివర వేలాడే రెండు తలలు గుచ్చకుండా, సప్లై నుంచి రెండు విడి కేబుళ్లు లాగాలి.

ఇక వాడకం. సైట్లో విండోస్ యూఎస్‌బీ ఇన్‌స్టాలర్ దింపుకుని పెన్‌డ్రైవ్ తయారుచేస్తే రెండు నిమిషాల పని. పాత చిన్న పెన్‌డ్రైవ్ చాలు, అందులో ఉన్నదంతా చెరిగిపోతుంది. మామూలుగా సెక్యూర్ బూట్ (నమ్మకమైన సంతకం లేని సాఫ్ట్‌వేర్‌ని బూట్ కానివ్వని బయోస్ సెట్టింగు) ఆపితేగానీ ఇది బూట్ కాదు. పాస్‌మార్క్ వాళ్లదానికి మైక్రోసాఫ్ట్ సంతకం ఉంది కాబట్టి దానికి ఈ బాధ లేదు. ఇక్కడే ఒక గొయ్యి ఉంది. బిట్‌లాకర్ (విండోస్ డిస్క్ ఎన్‌క్రిప్షన్) ఆన్‌లో ఉన్న మెషీన్లో సెక్యూర్ బూట్ ఆపితే, తర్వాత విండోస్ 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. చాలా ల్యాప్‌టాపుల్లో డిస్క్ ఎన్‌క్రిప్షన్ ఆన్‌లో ఉన్న సంగతి ఓనరుకే తెలియదు. కీ చేతిలో పెట్టుకుని, లేదంటే బిట్‌లాకర్‌ని సస్పెండ్ చేసి, ఆ తర్వాతే బయోస్‌లోకి వెళ్లండి.

బూట్ అవగానే టెస్ట్ దానంతట అదే మొదలవుతుంది. పైన ప్రాసెసర్ పేరు, ఉష్ణోగ్రత, ర్యామ్ ఇప్పుడు నిజంగా నడుస్తున్న స్పీడు, టైమింగులు. కింద ఏ స్లాట్‌లో ఏ స్టిక్ ఉందో. ఈ ఒక్క స్క్రీన్ చూసే సగం కేసులు తేలిపోతాయి. ఉదాహరణకు ఇంట్లో పాత 8 జీబీ డీడీఆర్4 3200 స్టిక్ ఉంది, ఎక్స్‌ఎంపీతో (ర్యామ్‌ని వేగంగా నడపడానికి కంపెనీ అందులోనే రాసిపెట్టిన సెట్టింగు) సీఎల్16 (ర్యామ్ స్పందించడానికి పట్టే ఆలస్యం), 1.35 వోల్టులు. దాని పక్కన కొత్తగా "అదే 3200" అని ఇంకో 8 జీబీ కొన్నారు. కొత్తదానిలో ఎక్స్‌ఎంపీ ప్రొఫైలే లేదు, అది 1.2 వోల్టుల్లో సీఎల్22 మీద నడిచే సాదా జెడెక్ (ప్రామాణిక సెట్టింగుల) స్టిక్. బోర్డు పాతదాని ప్రొఫైల్ తీసుకుని రెండింటికీ రుద్దిందంటే కొత్తది తట్టుకోలేక ఎర్రర్లు పోస్తుంది. డబ్బా మీద 3200 ఉంటే సరిపోదు, సీఎల్ అంకె, వోల్టేజీ కలవాలి. కౌంటర్ దగ్గరే అడిగి చూసుకోవాల్సినవి ఇవి, సికింద్రాబాద్ కంప్యూటర్ మార్కెట్ సీటీసీలో కొన్నా ఆన్‌లైన్‌లో కొన్నా.

నాలుగు స్లాట్లూ నింపినవాళ్లది ఇంకో కథ. రైజెన్ 7000కి ఏఎండీ ఇచ్చిన అధికారిక లెక్కలో రెండు స్టిక్‌లైతే డీడీఆర్5 5200, నాలుగైతే 3600 మాత్రమే. 6000 ఎక్స్‌పో (ఎక్స్‌ఎంపీ లాంటిదే, ఏఎండీది) కిట్లు రెండు కొని నాలుగూ పెట్టి 6000 రావాలనుకోవడం ఆశే. అక్కడ ఎర్రర్లొస్తే స్టిక్‌లది తప్పు కాదు, ప్రాసెసర్‌లోని మెమరీ కంట్రోలర్ మోయలేని బరువు అది. రెండు స్టిక్‌లే అయితే ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండో, నాలుగో స్లాట్లలో పెట్టాలి. చాలా బోర్డుల్లో పద్ధతి ఇదే, మాన్యువల్లో రాసి ఉంటుంది. కొన్ని బోర్డుల్లో స్లాటుకి ఒక చివరే క్లిప్ ఉంటుంది. రెండోవైపు అరమిల్లీమీటరు లేచి ఉన్నా తెలియదు, గట్టిగా నొక్కి చూడండి.

ఎంతసేపు వేయాలి? మొదటి పాస్ చూసి సంబరపడొద్దు. త్వరగా ఫలితం చూపించడం కోసం ఇది మొదటి పాస్‌లో మామూలు ఆవృత్తుల్లో మూడోవంతే చేస్తుంది. కనీసం నాలుగు పాస్‌లు తిరగనివ్వాలి. 32 జీబీ దాటితే రాత్రి పెట్టి పొద్దున చూసుకోవడమే. చివర్న వచ్చే పదో టెస్టు మెమరీ నింపి కొన్ని నిమిషాలు ఊరికే ఆగుతుంది. హ్యాంగ్ అయిందనుకుని రీసెట్ కొట్టకండి.

ఇప్పుడు ఎర్రర్ చదవడం. ప్రతి ఎర్రర్‌కీ అడ్రస్, రాసిన విలువ, తిరిగి చదివితే వచ్చిన విలువ పక్కపక్కన చూపిస్తుంది. రాసింది 00000000, వచ్చింది 00000400 అనుకోండి. ఒక్క బిట్ తిరగబడింది, అంటే సున్నా ఉండాల్సిన ఒక చోట ఒకటి వచ్చింది. వరుసగా ప్రతి ఎర్రర్‌లోనూ అదే 400 కనిపిస్తుంటే, ఎక్స్‌ఎంపీ తీసేసినా అలాగే వస్తుంటే, స్టిక్ మీద చిప్ గానీ స్లాటులో పిన్ గానీ పోయినట్టే. అలాకాక ఒక్కోసారి ఒక్కో బిట్, అడ్రసులు చెల్లాచెదురు, అదీ ఎక్స్‌ఎంపీ ఆన్‌లో ఉన్నప్పుడే అయితే అది స్పీడు మోయలేని గొడవ. వోల్టేజీ పెంచి ప్రయోగాలు చేసేకన్నా 3200ని 2933కి, 6000ని 5600కి దించి మళ్లీ నడపండి. రోజువారీ పనిలో ఆ తేడా కంటికి కూడా ఆనదు.

ఎన్ని ఎర్రర్లు వస్తే ఫెయిలు అని అడుగుతుంటారు. ఒక్కటి చాలు.

ఏ స్టిక్‌దో తేల్చడానికి ఈ సాఫ్ట్‌వేర్ కాదు, మీ చేతులే దిక్కు. ఎక్స్‌ఎంపీ ఆపి, రెండో స్లాట్‌లో ఒక్క స్టిక్ పెట్టి నడపాలి. తర్వాత అదే స్లాట్‌లో రెండోది. స్టిక్ మార్చినా ఎర్రర్ ఆ స్లాట్‌ని వదలకపోతే తప్పు బోర్డుది, లేదా ప్రాసెసర్ సాకెట్ పిన్నులది. డీడీఆర్5లో స్టిక్ మార్చిన ప్రతిసారీ మెమరీ ట్రైనింగ్ (బోర్డు కొత్త స్టిక్‌కి తగ్గట్టు సర్దుకోవడం) కోసం స్క్రీన్ కొన్ని నిమిషాలు నల్లగా ఉండొచ్చు. కంగారుపడి పవర్ తీసేస్తే మొదటికొస్తుంది.

నాలుగు పాస్‌లూ పచ్చగా వచ్చినా ర్యామ్ నిర్దోషి అని రాసివ్వలేం. ఇందులో దీని చేతకానితనం కొంత ఉంది. టెస్ట్ నడిచేటప్పుడు గ్రాఫిక్స్ కార్డు ఖాళీగా ఉంటుంది, కేస్ చల్లగా ఉంటుంది. మే నెలలో మధ్యాహ్నం గేమ్ ఆడుతుంటే కార్డు వేడి నేరుగా పక్కనున్న స్టిక్‌ల మీదికి కొడుతుంది, అప్పుడే తేలే తప్పులు దీనికి దొరకవు. డీడీఆర్5లో ఇంకో మెలిక: చిప్‌లోపలి ఈసీసీ చిన్న తప్పుల్ని తనే దిద్దుకుంటుంది, బయటికి చెప్పదు. అందుకే ఇది పాసైనా క్రాష్‌లు ఆగకపోతే విండోస్‌లోనే టెస్ట్‌మెమ్5 గానీ ఓసీసీటీ మెమరీ టెస్ట్ గానీ గంటసేపు నడపాలి. ఎక్స్‌ఎంపీ గొడవల్ని చాలాసార్లు ఇవే ముందు పట్టుకుంటాయి. అప్‌గ్రేడ్‌లో ఇంటెల్ 13, 14వ తరం ఐ7, ఐ9 డెస్క్‌టాప్ ప్రాసెసర్ కూడా ఉంటే అన్నిటికన్నా ముందు బయోస్ అప్‌డేట్ చేయండి. వాటి వోల్టేజీ సమస్యకు ఇంటెల్ 2024 ఆగస్టు నుంచి మైక్రోకోడ్ (ప్రాసెసర్‌ లోపలి సాఫ్ట్‌వేర్) ఇస్తోంది, వారంటీ కూడా రెండేళ్లు పొడిగించింది.

విండోస్‌తోపాటు వచ్చే మెమరీ డయాగ్నస్టిక్ మాటేమిటంటారా? మామూలుగా అది రెండు పాస్‌లు తిప్పి వదిలేస్తుంది. ఎర్రర్ చూపిస్తే నమ్మండి, చూపించకపోతే లెక్కలోకి తీసుకోకండి. ప్లస్ దానికన్నా ఎంతో మెరుగు. సెక్యూర్ బూట్ ఆపడం కుదరని ఆఫీసు ల్యాప్‌టాపులకు మాత్రం పాస్‌మార్క్‌దే దారి.

స్టిక్ పోయిందని తేలితే ఎర్రర్లున్న స్క్రీన్ ఫోటో తీసుకోండి, వారంటీ దగ్గర పనికొస్తుంది. కిట్‌గా కొన్నవైతే సాధారణంగా రెండు స్టిక్‌లూ కలిపే పంపమంటారు. కొత్తవి వేసి టెస్ట్ పాసయ్యాక కూడా క్రాష్‌లు వస్తుంటే మళ్లీ షాపువాడి మీద పడకండి. పాడైన ర్యామ్ ఉన్నన్నాళ్లూ డిస్క్‌లోకి రాసిన ఫైళ్లలో చెత్త చేరి ఉంటుంది, విండోస్ అప్‌డేట్‌లవి మరీను. పాడైన విండోస్ ఫైళ్లను సరిచేయడానికి అడ్మిన్ కమాండ్ ప్రాంప్ట్‌లో డిఐఎస్ఎం రిస్టోర్‌హెల్త్, ఆ వెంటనే ఎస్ఎఫ్‌సీ స్కాన్‌నౌ నడపండి. అప్పటికీ లొంగకపోతే విండోస్ కొత్తగా ఎక్కించడమే. ఆ రోజుల్లో తీసిన బ్యాకప్‌లను మాత్రం తెరిచి చూడకుండా నమ్మకండి.