బరంపురం నుంచి పూరీ, మధ్యలో ఫెర్రీ: ఏళ్లుగా తిరుగుతున్న రూటు మీద నా సమీక్ష

కోస్తా రైడ్ అనగానే మన కుర్రాళ్లంతా గోవా మ్యాపు తెరుస్తారు. బరంపురంలో ఉంటూ గోవా వైపు చూడటం నాకైతే అర్థం కాదు. గోపాల్‌పూర్ మనకి 16 కిలోమీటర్లే. అక్కణ్ణుంచి ఈశాన్యంగా వెళ్తే చిలికా, పూరీ, కోణార్క్. నైరుతికి వెళ్తే ఇచ్ఛాపురం, బారువ, కళింగపట్నం, భీమిలి. దసరా అయ్యాక కార్తీక పున్నమి దాకా ఈ రెండు వైపులా చాలా ఏళ్లుగా తిరుగుతున్నాను. మొదట్లో 125 సీసీ బండి, ఇప్పుడు 350. కాబట్టి ఇది రూటు మీద సమీక్షే గాని, బండి గురించీ లగేజీ గురించీ కూడా మధ్యలో చెప్తాను.

పూరీకి మామూలుగా అందరూ ఎన్‌హెచ్-16 ఎక్కుతారు. రంభ, బాలుగాం, ఖుర్దా మీదుగా పైకెళ్లి మళ్లీ సముద్రం వైపు దిగుతారు. రోడ్డు బ్రహ్మాండంగా ఉంటుంది, లారీల వెనక నిద్ర కూడా బ్రహ్మాండంగా వస్తుంది. నేను చెప్పేది ఇంకో దారి. ఛత్రపురం, గంజాం దాటాక హైవే వదిలేసి పాలూరు వైపు తిరగాలి. అక్కణ్ణుంచి మాలూదు, కృష్ణప్రసాద్ మీదుగా జాన్హికుడా రేవుకి చేరి, బండిని ఫెర్రీ ఎక్కించి, చిలికా సరస్సు నీళ్లు దాటి సాతపడాలో దిగాలి. తర్వాత బ్రహ్మగిరి మీదుగా పూరీ. ఈ దారిలో చాలాసేపు ఎడమ పక్క చిలికా, కుడి పక్క బంగాళాఖాతం, మధ్యలో సన్నటి నేల మీద మనం. సముద్రం రోడ్డు మీదికి కనిపిస్తూనే ఉంటుందనుకోవద్దు. సరుగుడు తోటలు అడ్డం. హోరు వినిపిస్తుంది, గాలి తగులుతుంది. చూడాలంటే ఊళ్ల మధ్యనుంచి వెళ్లే ఇసక బాట పట్టాలి. ఆ బాటల్లో బండి ఆపి నడవడమే మేలు, ఇసకలో 350 దిగబడితే లాగడానికి మనిషి దొరకడు.

ఇక్కడ ప్లాను వేసేటప్పుడు కిలోమీటర్లు లెక్కపెట్టడం కన్నా నీళ్ల సంగతి చూసుకోవడం ముఖ్యం. వాన ఎప్పుడు వెళ్తుంది, తుపాను వస్తుందా, ఫెర్రీ ఎన్నింటికి, ఉప్పుగాలి బండిని ఏం చేస్తుంది, అన్నీ దాని చుట్టూనే తిరుగుతాయి.

ముందు వాన. నైరుతి రుతుపవనాలు మన వైపు నుంచి వెళ్లేసరికి మామూలుగా అక్టోబరు మధ్య అవుతుంది. ఆ తర్వాత ఆకాశం కడిగినట్టు ఉంటుంది, గట్ల మీద రెల్లు తెల్లగా పూస్తుంది, వరి వెన్ను తీస్తుంది. చూడ్డానికి ఇంతకన్నా మంచి కాలం లేదు. కాకపోతే బంగాళాఖాతానికి కూడా ఇదే కాలం ఇష్టం. ఫైలిన్ 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. సరిగ్గా ఏడాదికి, 2014 అక్టోబరు 12న, హుద్‌హుద్ విశాఖ మీద పడింది. తిత్లీ 2018 అక్టోబరు 11న పలాస దగ్గర. గులాబ్ కాస్త ముందే, 2021 సెప్టెంబరు 26న, కళింగపట్నం దగ్గర. ఈ తేదీలు మన ఇళ్లల్లో పుట్టినరోజుల్లా గుర్తుంటాయి.

అందుకని నా పద్ధతి ఇది. వారం ముందు నుంచీ వాతావరణ శాఖ బులెటిన్ చూస్తాను. అల్పపీడనం అన్నంత వరకూ బ్యాగు సర్దుతూనే ఉంటాను. వాయుగుండం అన్నారంటే బండి తాళం లోపల పెట్టేస్తాను. గోపాల్‌పూర్ పోర్టులో మూడో నంబరు హెచ్చరిక ఎగరేశాక ఎవరెన్ని చెప్పినా బయల్దేరను, ఎందుకంటే అప్పటికి ఫెర్రీ కూడా ఆగిపోయే పరిస్థితి ఉంటుంది. బుకింగులు కూడా డబ్బు వెనక్కిచ్చేవే చేస్తాను. పూరీలో ఒక లాడ్జివాళ్లు తుపాను హెచ్చరిక ఉన్నా అడ్వాన్సు తిరిగివ్వం పొమ్మన్నారు. అప్పట్నుంచి ఫోన్లో మాట్లాడేటప్పుడే ఈ సంగతి అడిగేస్తున్నాను. ప్లానులో ఒక రోజు ఖాళీగా ఉంచుకోవడం కూడా అందుకే. ఏమీ కాకపోతే ఆ రోజు పూరీలో పడుకోవచ్చు.

ఫెర్రీ దగ్గరికొద్దాం, ఈ రూటుకి ప్రాణం అదే. కార్లు, జీపులు, బైకులు, మేకలు, పెళ్లివారు, గ్యాసు బండలు, అన్నీ ఒకే డెక్కు మీద. దాటడానికి అరగంటకు కాస్త అటూ ఇటూ. టైములు మారుతూ ఉంటాయి కాబట్టి నెట్‌లో పాత పోస్టులు నమ్మొద్దు. ముందురోజు సాతపడా వైపు ఎవరికైనా ఫోన్ చేసి కనుక్కోవాలి, లేదా దారిలో మాలూదులో టీకొట్టు దగ్గర అడగాలి. టీకొట్టువాడు చెప్పిన టైము ఇంతవరకూ తప్పలేదు. ఒక ట్రిప్పు పోయిందంటే తర్వాతదానికి రేవులో ఎండలో కూర్చోవాల్సిందే. అందుకే తెల్లవారకముందే బరంపురంలో బయల్దేరతాను. ట్యాంకు ఛత్రపురంలోనే నింపేస్తాను, ఆ తర్వాత బంకు కోసం వెతుక్కునే టెన్షన్ ఉండదు.

బండిని ఎక్కించేటప్పుడు జాగ్రత్త ర్యాంపు మీదే. ఇనప రేకు, దానిమీద తడి, తడి మీద ఇసక. ముందు బ్రేకు మాత్రం పట్టొద్దు. ఫస్ట్ గేరులో, క్లచ్ సగం వదిలి, కాళ్లు రెండూ కిందికి వేలాడేసి నెమ్మదిగా ఎక్కాలి. పైకెక్కాక ఇంజిన్ ఆపి గేరులోనే వదిలేయాలి. సైడు స్టాండు మీద పెడితే పడవ ఊగినప్పుడల్లా బండి కదులుతుంది, సెంటర్ స్టాండు ఉంటే అదే వెయ్యాలి, లేదంటే పట్టుకుని నిలబడాలి. నా 350 దాదాపు రెండు క్వింటాళ్లు. మా బావమరిది 125 మీద చటుక్కున దిగిపోయి, అవతలి ఒడ్డున నిలబడి, "బావా, నువ్వు దింపుకునేలోపు నేను టీ తాగేసొస్తా" అంటాడు. తాగేసొస్తాడు కూడా. నిజం చెప్పాలంటే ఈ రూటుకి 125, 150 చాలు. గంటకి యాభై దాటే చోట్లు తక్కువ. మధ్యలో ఆవులు, బర్రెలు, నవంబరు వచ్చిందంటే రోడ్డు మీదే ఆరబోసిన ధాన్యం. పెద్ద బండి హైవే మీద హాయినిస్తుంది, ఇక్కడ బరువుగా మిగులుతుంది.

పడవ మీద ఆ అరగంట మాత్రం దేనికీ తగ్గదు. ఇసక మేటలు వేసి, చిలికా సముద్రంలో కలిసే ముఖం పూడుకుపోతుంటే 2000లో తవ్వి కొత్త ముఖం తెరిచారు. సరస్సులోకి ఉప్పునీళ్లు మళ్లీ వచ్చాయి, చేపలూ వచ్చాయి. సాతపడా దగ్గర ఇరావతి డాల్ఫిన్లు ఉన్నాయి. వాటికోసం దిగాక వేరే పడవ మాట్లాడుకోవాలి. అదృష్టం ఉంటే ఫెర్రీ మీంచే ఒక బూడిదరంగు వీపు కనిపించి మాయమవుతుంది, ఫోటో మాత్రం దక్కదు. నవంబరులో వలస పక్షులు దిగుతాయి, వాటికి నలబణ, మంగళాజోడి వైపు వెళ్లాలి. 1981లో రాంసార్ జాబితాకి, అంటే అంతర్జాతీయంగా ముఖ్యమైన చిత్తడి నేలల జాబితాకి, ఎక్కిన సరస్సు ఇది, కాస్త హారన్ తగ్గించండి.

పూరీ చేరాక కోణార్క్ వైపు 35 కిలోమీటర్ల మెరైన్ డ్రైవ్ గురించి అందరూ రాసేశారు. బాగుంటుంది. రామచండి గుడి దగ్గర కుశభద్ర నది సముద్రంలో కలిసే చోట ఆగండి, చంద్రభాగ బీచి కన్నా అక్కడ రద్దీ తక్కువ. పూరీలో భాష రాదని భయం అక్కర్లేదు. పెంటకోట వైపు వెళ్తే బెస్తవాళ్లది మన తెలుగే. ఒడియావాళ్లు నోలియాలంటారు వాళ్లని. గోపాల్‌పూర్‌లోనూ అంతే.

వెలుగు విషయం ఒకటి చాలామంది పట్టించుకోరు. నవంబరులో ఇక్కడ సాయంత్రం అయిదుంబావు అయ్యేసరికి పొద్దు గూకిపోతుంది. హైదరాబాదు లెక్కలో ఆరుదాకా వెలుగుంటుందనుకుని వచ్చినవాళ్లు చీకట్లో బర్రెల మధ్య ఇరుక్కుంటారు. పైగా పూరీ నుంచి మనవైపు వచ్చేటప్పుడు ముఖం నైరుతికి ఉంటుంది, సాయంత్రం బయల్దేరితే ఎండ సూటిగా కళ్లలో పడుతుంది. తిరుగు ప్రయాణం పొద్దున్నే పెట్టుకుంటే ఎండ వీపు మీద, ఈశాన్యపు గాలి కూడా వెనకనుంచే. మైలేజీ తేడా నాకైతే కనిపిస్తుంది.

తిండి. చిలికా పీతలు, రొయ్యల కోసమే వచ్చేవాళ్లు క్యాలెండరు చూసుకోవాలి. కార్తీకంలో ఒడియా ఇళ్లల్లో చాలామంది నీసు ముట్టరు. పున్నమితో ముగిసే అయిదు రోజులు పంచుక. ఆ రోజుల్లో కొంగ కూడా చేపను ముట్టదని ఇక్కడి మాట. పూరీ గుడి దగ్గర ఇసకేస్తే రాలనంత జనం, గది దొరకదు, చిన్న హోటళ్లలో చేపకూర ఉండదు. పున్నమి మర్నాడు ఛాడొఖాయి, అంటే మళ్లీ నీసు మొదలుపెట్టే రోజు. ఆ రోజు మార్కెట్లో చేపల, మాంసం రేటు అడక్కండి. నేను ఈ పంచుకకి ముందే వెళ్లొచ్చేస్తాను.

కాగితాల సంగతి ఒక్క ముక్కలో: పొల్యూషన్ సర్టిఫికెట్ గడువు చూసుకోండి, పట్టుబడితే ఫైను 10,000. వెనక కూర్చున్నవాళ్లకీ హెల్మెట్ ఉండాలి.

ఇక ఉప్పు. రెండు రోజులు ఈ గాలిలో తిరిగితే హెల్మెట్ గ్లాసు మీద, ఉప్పు సోడా ఆరిపోయిన గ్లాసులా తెల్లటి పొర. తడి గుడ్డతో మెత్తగా తుడవాలి, పొడిగా రుద్దితే గీతలు పడతాయి. చెయిన్‌కి మామూలు రోడ్డు మీద అయిదారు వందల కిలోమీటర్లకి ఆయిల్ వేస్తే సరిపోతుంది. ఈ రూటులో ప్రతి సాయంత్రం గుడ్డతో తుడిచి గేరు ఆయిల్ రాస్తాను. ఉదయానికి లింకుల మధ్య ఎర్రటి చారలు వచ్చాయంటే రాయలేదన్నమాట. స్పోకు చక్రాలు చూడ్డానికి అందమే గాని నిపుల్ దగ్గర తుప్పు మొదలైతే ఆగదు. ఇప్పటి బండికి అల్లాయ్ వీల్స్ తీసుకున్నది అందుకే. బ్యాటరీ టెర్మినళ్లకి కాస్త వాజిలీను పూసి బయల్దేరతాను.

గోపాల్‌పూర్‌లో ఒకసారి లైట్‌హౌసు కింద, తీరానికి దగ్గరగా బండి పెట్టి నడిచి వెళ్తుంటే చేపలు ఎండబెడుతున్న ముసలమ్మ కేకేసింది. "ఏటి బాబూ, బండి ఇక్కడెట్టేసినావు? ఉప్పుగాలికి తుప్పట్టేస్తాది, ఆ గోడెనక్కెట్టు." తన సైకిలు సీటు దాకా గోనెసంచి కప్పి గోడవారనే ఉంది. అప్పట్నుంచి నేను కూడా రాత్రి బండిని సముద్రం వైపు కాకుండా గోడ చాటునే పెడుతున్నాను. బాడీ కవరు మాత్రం వెయ్యను, లోపల తేమ పట్టి ఇంకా చెడుతుంది.

బ్యాగుల మాట. పేరున్న కంపెనీ సైడు బ్యాగులు కొన్నాను, పేరు చెప్పను. గుడ్డ గట్టిది, కుట్లు ఊడలేదు, వానకి రెయిన్ కవరు బాగానే పనిచేసింది. కానీ ఇనప జిప్పు రెండో సీజనుకే ఉప్పు పట్టి బిగుసుకుపోయింది. కొవ్వొత్తి రాస్తే కొన్నాళ్లు కదిలింది, ఆ తర్వాత పకారు కావాల్సొచ్చింది. కంపెనీవాళ్లకి రాస్తే వారంటీ కుట్లకే అన్నారు. ఇప్పుడు నోరు చుట్టి బకిల్ పెట్టే రకం వాడుతున్నాను. జిప్పు లేదు, ఫెర్రీ మీద నీళ్లు చిమ్మినా లోపల బట్టలు పొడిగానే ఉంటున్నాయి. తీసి పెట్టడం కాస్త ఆలస్యం, అంతే.

దక్షిణం వైపు రూటు గురించి అడుగుతుంటారు. భీమిలి నుంచి విశాఖ బీచ్ రోడ్డు బంగారం, అందులో మాట లేదు. కానీ అక్కడిదాకా చేరడమే చిక్కు. బాహుదా, మహేంద్రతనయ, వంశధార, నాగావళి, చంపావతి, గోస్తని, ఇన్ని నదులు అడ్డంగా సముద్రంలోకి పోతుంటే తీరం వెంట ఒకే రోడ్డు ఎక్కడ కుదురుతుంది? సోనాపూర్, బారువ, భావనపాడు, కళింగపట్నం, ప్రతి బీచికీ హైవే మీంచి దిగి మళ్లీ హైవే ఎక్కాల్సిందే. ఉద్దానం కొబ్బరి తోటల మధ్య కవిటి, సోంపేట దారి మాత్రం వదలొద్దు. తిత్లీ కొట్టాక పెట్టిన మొక్కలు ఇప్పుడు చెట్లవుతున్నాయి. అటు వెళ్తే పరుగు పెట్టకుండా బారువలో ఒక రాత్రి, కళింగపట్నంలో ఒక రాత్రి ఉండేలా వేసుకోండి. తొలిసారి వెళ్లేవాళ్లకి, ఫెర్రీ ఆగిపోనంత కాలం, నా ఓటు సాతపడా రూటుకే.

ఇంటికొచ్చాక బండి ఆ రోజే కడిగించాలి, మర్నాటికి వాయిదా వద్దు. మంచినీళ్లతో, మామూలు పైపుతో. వాటర్ సర్వీసు కుర్రాడు అలవాటుగా ప్రెషర్ గన్ తెచ్చి చక్రం మధ్యలో బేరింగు దగ్గర పెడతాడు. ఆ ప్రెషర్‌కి ఉప్పునీళ్లు సీలు దాటి లోపలికెళ్లి కూర్చుంటాయి, నెల తిరక్కుండానే చక్రం గీసుకుంటున్న చప్పుడు మొదలవుతుంది. దగ్గర నిలబడి, "బాబూ, గన్ వద్దు, మగ్గుతో పోయ్" అని చెప్పి కడిగించుకోండి.