క్రీపీ ఆర్కైవ్స్: ఇంగ్లిష్ రాని మా అమ్మ చదివిన దెయ్యాల కథ

‘క్రీపీ’ అనే పాత అమెరికన్ భయానక బొమ్మల కథల పత్రిక సంచికల్ని కలిపి, డార్క్ హార్స్ అనే ప్రచురణ సంస్థ వాళ్ళు 2008 నుంచి గట్టి అట్టతో వేస్తూ వచ్చిన క్రీపీ ఆర్కైవ్స్ సంపుటాలు కొన్ని మా అమలాపురం ఇంట్లో ఏళ్ళుగా ఉన్నాయి. ఏ సంచికలో ఏ కథ ఉందో ఎక్కడైనా దొరుకుతుంది, ఆ జాబితా జోలికి పోను. నా మోజంతా అందులోని నలుపు మీదే.

1964లో ప్రచురణకర్త జేమ్స్ వారెన్ ఈ పత్రికని రంగుల్లేకుండా మ్యాగజైన్ సైజులో తెచ్చాడు. ఆ సైజుకి కామిక్స్ కోడ్ (బొమ్మల కథల పుస్తకాల్లో ఏం చూపించకూడదో చెప్పే నియమావళి) కత్తెర వర్తించేది కాదు మరి. దాంతో బొమ్మలు వేసేవాళ్ళ పంట పండింది. స్టీవ్ డిట్కో సిరాని నీళ్ళతో పల్చన చేసి పూసిన పేజీలు చూడండి, అందులో రంగు లేదన్న సంగతే గుర్తుకు రాదు.

అన్నిటికన్నా మించింది ‘జెనిఫర్’. 1974 నాటి 63వ సంచికలోది. రచన బ్రూస్ జోన్స్, బొమ్మలు బెర్నీ రైట్‌సన్. ఓ మధ్యాహ్నం ఆ పేజీలు తెరిచి పెట్టి నేను బయటికెళ్ళాను. వచ్చేసరికి మా అమ్మ బియ్యం చాట పక్కన పెట్టి, కళ్ళజోడు తగిలించుకుని పేజీలు తిప్పుతోంది. ఆవిడకి ఇంగ్లిష్ అక్షరమ్ముక్క రాదు. అడవిలో ఎవడో చంపబోతున్న పిల్లని ఒకడు కాపాడి ఇంటికి తెచ్చుకుంటాడు. ఆ పిల్ల మొహం చూసి అమ్మ “అమ్మో, ఇదేం మొహంరా” అంది గానీ పుస్తకం మాత్రం వదల్లేదు. వాడి సంసారం కూలిపోవడం, చివరికి వాడే ఆ పిల్లని చంపడానికి అడవికి తీసుకెళ్ళడం, అక్కడ ఇంకొకడు వాణ్ణి చంపి ఆ పిల్లని కాపాడడం, అన్నీ బొమ్మల్లోనే పట్టేసింది. ఆఖరి పేజీలో వేలుంచి మొదటికి తిప్పి, “ఇదీ అదే అడవి కదరా! వీడూ ఆ ముందోడిలాగే పోయాడు. ఇప్పుడొచ్చినోడి గతీ ఇంతే” అని తేల్చేసింది. (ముగింపు చెప్పేశానని తిట్టకండి, 50 ఏళ్ళ నాటి కథ.)

ఆ ఊపులో మొదటి సంపుటం కూడా ఇచ్చాను. నాలుగు పేజీలకే మూసేసింది. ఆర్చీ గుడ్విన్ రాసిన ఆ తొలినాటి కథల్లో మాటలు ఎక్కువ, బొమ్మలో కనిపించేదాన్నే పైన మళ్ళీ రాస్తారు. పైగా రెండు నెలలకో సంచిక వచ్చినప్పుడు తెలిసేది కాదేమో గానీ, అయిదు సంచికలు ఒకే అట్టలో చదివితే కొసమెరుపు ముందే తెలిసిపోతుంది. మంచివాడిలా కనబడ్డాడంటే వాడే రక్తపిశాచి. ఇక ఈ కథలు మనకి చెప్పే ముసలి పాత్ర అంకుల్ క్రీపీ. చందమామలో బేతాళుడు కథ ముగించి ఓ ప్రశ్న వేస్తే మనం రాత్రంతా ఆలోచించేవాళ్ళం. ఈయన కుళ్ళు జోకొకటి వేసి, పుట్టిన భయం కాస్తా పోగొడతాడు.

ఉత్తరాల పేజీలూ అభిమానుల పేజీలూ తీసెయ్యకుండా ఉంచారు, అది బాగుంది. 9వ సంచికలో ఓ కుర్రాడు పంపిన సమాధి రాయి బొమ్మ ఉంటుంది. ఆ కుర్రాడు రైట్‌సనే!

కొనమంటారా అంటే, మీ ఇంటిని బట్టి చెప్పాలి. మా వైపు ముసురు పట్టిందంటే బీరువాలోని పట్టుచీరకే దిక్కులేదు, పుస్తకమెంత? కలరా ఉండలు వేసినా నా రెండో సంపుటం అట్టకి చెమ్మ మచ్చలొచ్చాయి. ఖరీదు కూడా తక్కువేం కాదు. పిల్లలున్న ఇల్లయితే పై అరలో పెట్టాలి. ఒక్కటే కొనే స్తోమత ఉంటే మాత్రం మొదటిది వదిలేసి రెండోది తీసుకోండి, డిట్కో అందులోనే మొదలవుతాడు.