మూడు రోజుల కెమెరా శిబిరమా, ఆరు నెలల ఫోన్ పాఠమా: ఏది మేలు?

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లోని యానాది కాలనీల్లోనో, మత్స్యకార పల్లెల్లోనో, చీమకుర్తి గ్రానైట్ క్వారీల చుట్టూ బతికే వలస కూలీల మధ్యనో ఫొటోగ్రఫీ నేర్పాలని ముందుకొచ్చే వారికి సాధారణంగా రెండు దారులు కనిపిస్తాయి. పెద్ద నగరం నుంచి పేరున్న ఫొటోగ్రాఫర్‌ను పిలిపించి, డీఎస్ఎల్ఆర్ కెమెరాలు తెప్పించి, మూడు రోజుల శిబిరం నడిపి, నెల్లూరులోనో ఒంగోలులోనో ప్రదర్శనతో ముగించడం ఒకటి. ఇళ్లలో ఇప్పటికే ఉన్న ఫోన్లతోనే వారానికొక సాయంత్రం కూర్చుని, తీసిన ఫొటోల గురించి ఐదారు నెలల పాటు మాట్లాడుకోవడం రెండోది. నేను రెండో దారి వైపే ఉన్నాను. ఖర్చు తగ్గుతుందన్నది అందుకు చిన్న కారణం మాత్రమే.

అసలు కారణం మన జిల్లా చరిత్రలోనే ఉంది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం సాగినప్పుడు, రాత్రి బడిలో వాచకంలోని సీతమ్మ కథ చదివిన ఆడవాళ్లు సారా వల్ల తమ ఇళ్లలో జరుగుతున్న నష్టం గురించి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. దూబగుంటలో రోశమ్మ వంటి వారు ముందు నిలిచారు, ఉద్యమం జిల్లా దాటింది, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం అమలైంది. అక్షరాలు నేర్వడం ఒక్కటే ఆ పని చేయలేదు. నేర్చిన అక్షరాల చుట్టూ రోజూ పదిమంది కూర్చుని మాట్లాడుకునే చోటు దొరకడం చేసింది. ఫొటోకూ అలాంటి చోటు కావాలి. మూడు రోజుల్లో అది ఏర్పడదు.

తీసిన ఫొటోల చుట్టూ కూర్చుని మాట్లాడుకునే ఈ పద్ధతికి ఫొటోవాయిస్ అన్న పేరు, ఒక క్రమం ఇచ్చిన వారు కరోలిన్ వాంగ్, మేరీ ఆన్ బరిస్ అనే పరిశోధకులు. చైనాలోని యునాన్ రాష్ట్రంలో 62 మంది పల్లె మహిళల చేతికి కెమెరాలిచ్చి, తమ రోజువారీ బతుకును తామే ఫొటోలు తీసుకొమ్మన్నారు. ఆ తర్వాత ఈ రంగంలో పనిచేసేవారు చర్చ కోసం వాడుతూ వచ్చిన ప్రశ్నలు ఐదు: ఇందులో ఏం కనిపిస్తోంది, నిజంగా ఏం జరుగుతోంది, మన బతుకుతో దీనికి సంబంధమేమిటి, ఇలా ఎందుకుంది, మనమేం చేయగలం. కనిగిరి ప్రాంతంలో ఒక తల్లి తన కొడుకు నవ్వుతుండగా ఫొటో తీసిందనుకుందాం. పళ్ల మీద గోధుమరంగు చారలు, వెనక చేతిపంపు, గడప పక్కన కొనుక్కున్న ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్ ఉంటాయి. మొదటి ప్రశ్నకు పిల్లవాడు ముద్దుగా ఉన్నాడంటారు. రెండో ప్రశ్న దగ్గర పళ్ల సంగతి వస్తుంది. మూడో దానికి వచ్చేసరికి క్యాన్‌కు రోజూ ఎంత పెడుతున్నారో ఒక్కొక్కరూ లెక్క చెప్పుకుంటారు. తాగునీటిలో ఫ్లోరైడ్ ఎక్కువైతే పళ్ల మీద ఇలాంటి చారలు వస్తాయని, అది లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదన్న ప్రమాణం ఉందని నాలుగో ప్రశ్న దగ్గర చెబితే, అప్పుడది పాఠంలా వినిపించదు, తమ హక్కులా వినిపిస్తుంది. ఐదో ప్రశ్నకు జవాబుగా, ఆ ఫొటో జతచేసిన అర్జీ సోమవారం కలెక్టరేట్‌లోని ప్రజా సమస్యల పరిష్కార వేదికకు వెళుతుంది.

ఫొటో నాణ్యత విషయంలో శిబిరానిదే పైచేయి అని చాలామంది అనుకుంటారు. మంచి కెమెరాతో వచ్చే స్పష్టత ఫోన్‌కు రాదన్న మాట నిజమే. కానీ ఎపర్చర్, షట్టర్, ఐఎస్ఓ అంటూ వెలుతురును అదుపుచేసే కెమెరా అమరికలు అర్థమయ్యేలోపు శిబిరం ముగిసి, కెమెరాలు వచ్చిన పెట్టెల్లోనే తిరిగి వెళ్లిపోతాయి. ఫోన్‌లో నేర్చింది చేతిలోనే మిగులుతుంది. తాటాకు ఇంటి గుమ్మంలో నిలబడ్డ మనిషిని లోపలి నుంచి తీస్తే, వెనక ఎండ ఎక్కువై ముఖం నల్లబడిపోతుంది. తెర మీద ఆ ముఖాన్ని వేలితో తాకి, పక్కన కనిపించే సూర్యుడి గుర్తును పైకి జరిపితే కళ్లు, చెంపలు, నుదుటి ముడతలు తేటపడతాయి. చామనఛాయ మనుషుల్ని ఉన్నది ఉన్నట్టుగా చూపించడానికి ఈ ఒక్క మెలకువ తెలిసినా చాలా దూరం వెళ్లవచ్చు.

శిబిరానికీ తగిన సందర్భాలున్నాయి. ప్రదర్శనకు అధికారులు, పాత్రికేయులు వస్తారు. బయటివారు తీసిన ఫొటోలు మార్పు తేలేవని అనడం కూడా తప్పు: 1908 నుంచి లూయిస్ హైన్ అనే ఫొటోగ్రాఫర్ అమెరికాలో తీసిన బాల కార్మికుల ఫొటోలు అక్కడి ఉద్యమానికి గట్టి సాక్ష్యాలయ్యాయి. అయితే ఆ పిల్లలు ఫొటోల్లో ఉన్నారు, కెమెరా వెనక లేరు. పెళ్లిళ్ల ఫొటోగ్రఫీని ఉపాధిగా ఎంచుకునే యువతకు పెద్ద కెమెరా తప్పనిసరి, అయితే వారికి మూడు రోజుల శిబిరం కన్నా ఏదైనా స్టూడియోలో కొన్ని నెలలు పని నేర్పించడం మేలు.

రెండో దారిలో నన్ను నిజంగా ఆలోచనలో పడేసేవి రెండు. చాలా ఇళ్లలో ఫోన్ మగవాళ్ల జేబులో ఉంటుంది, వాళ్లు పనికి వెళితే వాళ్లతోపాటే వెళ్లిపోతుంది. అందువల్ల నాలుగైదు పాత ఫోన్లు సేకరించి పొదుపు సంఘం పేరున ఉంచడం అవసరం. రెండోది భద్రత. రొయ్యల గుంటల దగ్గర కాపలా పని చేసే యానాది కుటుంబం ఆ గుంట నుంచి కాలువలోకి వదిలే ఉప్పునీటిని ఫొటో తీస్తే, పనీ పోవచ్చు, గుడిసె వేసుకున్న చోటూ పోవచ్చు. ఎవరు తీశారో బయటికి చెప్పకపోవడం, ఫొటోలో ముఖాలు పడకుండా చూడటం, లొకేషన్ నమోదును ఎప్పుడు ఆపాలో, అర్జీకి ఆధారంగా ఎప్పుడు ఉంచాలో వివరించడం మొదటి వారంలోనే జరగాలి.

మిగిలే డబ్బును ప్రింట్లకు పెట్టమని నా సలహా. చిన్న తెర మీద కనిపించని పెద్దవాళ్లు చేతిలో పట్టుకుని చూడగలరు, ఇరుగుపొరుగుకు చూపించగలరు. ఏ ఫొటో బయటికి వెళ్లాలో, ఏది ఇంట్లోనే ఉండాలో తీసినవారే తేల్చాలి. బయటికి వెళ్లేదాని కింద సంస్థ పేరు కన్నా ముందు, వారికి సమ్మతమైతే, వారి పేరుండాలి.