‘జీరో లేటెన్సీ’ అని అట్టపెట్టె మీద వేశారు గానీ...

మైక్‌నీ హెడ్‌ఫోన్స్‌నీ కంప్యూటర్‌కి కలిపే ఈ చిన్న యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్ కొని ఏళ్లవుతోంది. అట్టపెట్టె మీది ఆ ‘జీరో లేటెన్సీ’ (శబ్దం వినబడడంలో ఆలస్యమే లేదు) మాట మీద మంట మాత్రం ఇంకా చల్లారలేదు. అబద్ధమని అనను. డైరెక్ట్ మానిటర్ బటన్ నొక్కితే నా గొంతు కంప్యూటర్ చుట్టూ తిరగకుండా నేరుగా హెడ్‌ఫోన్స్‌లోకి వచ్చేస్తుంది. పాడేటప్పుడు ఎంత హాయో! కాకపోతే రివర్బ్ (ప్రతిధ్వనిలాంటి గుణం) లేని పొడి గొంతే వినబడుతుంది.

కీబోర్డుతో సాఫ్ట్‌వేర్ వాయిద్యం వాయిస్తే ఆ బటన్ ఎందుకూ కొరగాదు. శబ్దం పుట్టేదే కంప్యూటర్‌లో కదా. అక్కడ పెత్తనమంతా బఫర్‌ది, అంటే శబ్దాన్ని కొంచెం కొంచెంగా పోగుచేసి పంపే తాత్కాలిక నిల్వది. 48 కిలోహెర్ట్జ్‌లో (సెకను శబ్దానికి 48 వేల శాంపిల్స్, అంటే తునకలు) బఫర్ 512 శాంపిల్స్ అంటే 10.7 మిల్లీసెకన్లు, 64 అంటే 1.3. మైక్ నుంచి వెళ్లి తిరిగొచ్చే శబ్దానికైతే రానూ పోనూ రెండు బఫర్లు, వాటిపైన శబ్దాన్ని అంకెలుగా, అంకెల్ని శబ్దంగా మార్చే కన్వర్టర్లు, పరికరాన్ని కంప్యూటర్‌తో నడిపించే సాఫ్ట్‌వేర్ అయిన డ్రైవర్ చేసే ఆలస్యం.

బఫర్ తగ్గిస్తే పోలా అంటారు. 64కి దించగానే చిటపటలు. కేబుల్ మార్చాను, పోర్టు మార్చాను. సర్వీస్ సెంటర్‌లో ‘కొత్త లాప్‌టాప్ కొనుక్కోండి సార్’ అని తేల్చేశారు. సీపీయూ మీటర్ చూస్తే సగం కూడా దాటట్లేదు! చివరికి లేటెన్సీమాన్ అనే ఉచిత ప్రోగ్రామ్ దొంగను పట్టించింది: వై-ఫై డ్రైవర్. అది ఉండుండి ప్రాసెసర్‌ను కాసేపు వదలదు, ఆలోగా ఆడియో బఫర్ గడువు దాటిపోతుంది. రోడ్డంతా ఖాళీగా ఉన్నా లెవెల్ క్రాసింగ్ గేటు పడితే బస్సు ఆగాల్సిందేగా. వై-ఫై ఆపాను, చిటపటలు పోయాయి. ఆ లాప్‌టాప్‌తోనే ఇవాళ్టికీ పని నడుస్తోంది.

అందుకే ఈ ఇంటర్‌ఫేస్ డ్రైవర్ గట్టిదని అందరితో అనేవాణ్ణి, ఇప్పుడూ అంటాను, వై-ఫై ఆపి ఉంటే. బఫర్ రికార్డింగ్‌కి 128, మిక్సింగ్‌కి 1024 పెట్టుకుంటాను. రికార్డింగ్ అప్పుడు అన్ని ట్రాకులూ కలిసే మాస్టర్ ట్రాక్ మీద లుక్‌అహెడ్ లిమిటర్ (శబ్దం హద్దు దాటకుండా ముందే చూసి పట్టే సాఫ్ట్‌వేర్) ఉంచను. ముందుచూపు కోసం అది శబ్దాన్ని కాస్త ఆపి పంపుతుంది, బఫర్ ఎంత తగ్గించినా ఆ ఆలస్యం పోదు. బ్లూటూత్ హెడ్‌ఫోన్స్ సంగతి చెప్పనే అక్కర్లేదు.

నాది ఎక్కువగా ఒక గొంతు, నాలుగైదు ట్రాకుల పని. దానికి ఇది చాలు. మా తమ్ముడు గిటార్‌ని ఆంప్ సిమ్యులేటర్‌లో, అంటే ఆంప్లిఫయర్ శబ్దాన్ని కంప్యూటర్‌లోనే తయారుచేసే సాఫ్ట్‌వేర్‌లో పెట్టి వాయిస్తాడు, డైరెక్ట్ మానిటర్ బటన్ వాడికి కొరగాదు. వాడికి మాత్రం దీన్ని కొనమని చెప్పలేదు.