చపాతీ పిండికి అడుగులు, నీళ్ల బకెట్‌కి సున్నా: ఇంటిపనిలో ఫిట్‌నెస్ బ్యాండు, రెండేళ్ల తర్వాత

స్క్రీను ఎంత, బ్యాటరీ ఎన్నాళ్లు, తడిస్తే ఏమవుతుంది, ఇవన్నీ పెట్టె మీదే రాసి ఉంటాయి, వదిలేస్తున్నాను. రెండు వేల లోపు దొరికే మామూలు బ్యాండు ఇది. రెండేళ్లుగా వాకింగుకి కాదు, ఇంటిపనికే వాడాను. ఇల్లు ఊడ్చి, తడిగుడ్డ పెట్టి, బట్టలుతికి డాబా మీద ఆరేసే మనిషికి మళ్లీ వేరే వ్యాయామం కావాలా అన్నది తేల్చుకోవడానికి. దీన్లో ఒక ఫీచరు మీద మాత్రం కోపం ఇప్పటికీ తగ్గలేదు. అడుగుల లెక్క.

మణికట్టు బ్యాండు అడుగుల్ని చూడదు, చేతి ఊపును చూస్తుంది. లోపల కదలికని కొలిచే యాక్సిలరోమీటరుకి ఊపు ఒక లయలో తగిలితే అది నడక అనుకుంటుంది. అందుకే అర కిలో చపాతీ పిండి కలిపి మర్దించేసరికి, నిలబడ్డ చోటు నుంచి కదలకుండానే రెండొందల అడుగులు పడిపోతాయి. కవ్వంతో మజ్జిగ చిలికినా, రోట్లో పచ్చడి నూరినా అంతే. అదే 15 లీటర్ల బకెట్ నిండా నీళ్లు పట్టుకుని పెరటి కుళాయి దగ్గర్నుంచి వంటింటికి నాలుగుసార్లు తిరగండి. 15 కిలోల బరువుకి చేయి కిందికి బిగుసుకుపోతుంది, ఊగదు. మోసిన చేతికే బ్యాండు ఉంటే ఆ తిరుగుడంతా దాదాపు సున్నా. ఇంకొకటి, చాలా బ్యాండ్లు వరసగా పదడుగుల దాకా పడితేగానీ లెక్క మొదలుపెట్టవు. పొయ్యి నుంచి సింకుకి నాలుగడుగులు, సింకు నుంచి ఫ్రిజ్‌కి మూడు. పొద్దున్నించి రాత్రి దాకా వంటింట్లో పడేవన్నీ ఇలాంటి అడుగులే, దేనికీ లెక్క ఉండదు.

ఇది చిన్న తప్పు అని నేననుకోను. 2019లో కేంద్రం చేసిన టైమ్ యూజ్ సర్వేలో, ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకి సగటున 299 నిమిషాలు దానికే పెడుతున్నారని తేలింది. అదే పని చేసే మగవాళ్లు పెట్టేది 97 నిమిషాలు. అయిదు గంటలు నడుం వంచిన మనిషికి రాత్రి 2,800 అని చూపించి, కూర్చున్నది చాలు, లేచి కదలమని మోగే వస్తువు ఇంట్లో చేసే నష్టం ఉంది. ఆ అంకె చూసి ఇంట్లోవాళ్లు కూడా నువ్వేం కదిలావని అడుగుతారు.

దీనికి చేయగలిగింది ఒకటుంది. అడుగులే కావాలంటే బ్యాండుని కాలి మడమ పైన, సాక్సు లోపల, బయటి వైపుకి కట్టండి. బకెట్ మోస్తూ నోటితో వంద అడుగులు లెక్కపెట్టి చూసుకుంటే, మణికట్టు మీద పదో పన్నెండో చూపించింది అక్కడ తొంభై దాటి చూపిస్తుంది. కానీ అక్కడ గుండె వేగం సరిగా అందదు. రెండూ ఒకేసారి కుదరవు, ఏదో ఒకటి ఎంచుకోవాలి. నేను అడుగుల్ని పూర్తిగా వదిలేసి గుండె వేగాన్ని పట్టుకున్నాను. అసలు సంగతి బయటపడింది అక్కడే.

వ్యాయామంగా చెల్లేది కనీసం మధ్యస్థ శ్రమ. కదలకుండా కూర్చున్నప్పటి శక్తి ఖర్చుని 1 అనుకుంటే, 3 నుంచి 6 లోపు. శారీరక శ్రమలన్నిటికీ ఇలా అంకెలు వేసిన పట్టిక ఒకటి 1993 నుంచీ ఉంది, మధ్యమధ్య సవరిస్తున్నారు. 2011 సవరణ ప్రకారం అంట్లు తోమడం 1.8, ఇస్త్రీ 1.8, ఊడవడం 3.3, నిలబడి మాపుతో తుడవడం 3.5, బట్టలు చేత్తో ఉతికి ఆరేయడం 4. గంటకి అయిదు కిలోమీటర్ల నడక కూడా 3.5 దగ్గరే. అంటే మాపు పట్టుకున్న అరగంటకీ పార్కులో అరగంటకీ పెద్ద తేడా లేదు. కానీ అంట్లూ ఇస్త్రీ ఎంతసేపు చేసినా ఆ 3 గీత దాటవు. ఆ 299 నిమిషాల్లో ఎక్కువ భాగం గీత కిందే పోతుంది. అంత పని చేసీ షుగరు ఎందుకొచ్చిందో అర్థం కాని ఇళ్లు చాలా ఉన్నాయి. తిండి, వంశం, నిద్ర లాంటి కారణాలు ఎన్నున్నా, ఇదీ ఒకటి కావచ్చు.

బ్యాండు మీద చూసుకోవడానికి ఒక లెక్క: 220లోంచి మీ వయసు తీసేయండి. వచ్చినదాంట్లో 64 నుంచి 76 శాతం మధ్య గుండె కొట్టుకుంటే మధ్యస్థం. 45 ఏళ్లవాళ్లకి 112 నుంచి 133. ఈ కొలతతో చూస్తే ఇంట్లో అన్నిటికంటే పైన నిలిచింది గొంతుక్కూర్చుని తడిగుడ్డ పెట్టడం. పట్టిక మధ్యస్థం అన్నా మాపు కర్రతో నాకు 105 దగ్గరే ఆగేది, గుడ్డతో 120 దాటింది.

అయితే ఎలా పెడుతున్నామన్నది ముఖ్యం. సగం బకెట్ నీళ్లు, పాత నూలు తువ్వాలు నాలుగు మడతలు. లోపలి గదిలో మొదలుపెట్టి గుమ్మం వైపు వెనక్కి రావాలి. మడమలు నేలకి ఆనాలి, మునివేళ్ల మీద కూర్చుంటే భారమంతా మోకాళ్ల మీద పడుతుంది. అయిదారు తుడుపులకి ఒకసారి చేయి మార్చాలి, లేకపోతే ఏడాది తిరిగేసరికి కుడి భుజం పట్టేస్తుంది. గుండె వేగం పైకెళ్లడానికి మూడు నాలుగు నిమిషాలు పడుతుంది. మధ్యలో లేచి ఫోన్ ఎత్తితే మళ్లీ మొదటికే. ఊడవడం పది నిమిషాలు, తడిగుడ్డ ఇరవై, ఉతికిన బట్టల బకెట్ మెట్లెక్కించి ఆరేయడం పది, ఈ మూడూ ఒకదాని వెంట ఒకటి పెట్టుకుంటే నలభై నిమిషాల్లో ముప్ఫై దాకా మధ్యస్థంలో పడతాయి. అవే మూడూ రోజంతా చెదిరిపోతే, పని అంతే అయినా, బ్యాండులో సగం కూడా పడవు. ఆ సగాన్ని పనికిరానిదిగా తీసేయొద్దు. ఒక విడత కనీసం పది నిమిషాలుండాలన్న నియమాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో తీసేసింది, నాలుగు నిమిషాల మెట్లు కూడా చెల్లుతాయి. వారానికి కావలసింది 150 నుంచి 300 నిమిషాలు.

మొదటి ఆర్నెల్లూ ఈ గుండె వేగం ఫీచరుని కనపడ్డవాళ్లందరికీ మెచ్చుకుని చెప్పాను. మే నెల వచ్చింది. అట్లు పోస్తూ పొయ్యి ముందు నిలబడితే బ్యాండు 118 చూపిస్తోంది, వ్యాయామం నిమిషాలు గబగబా పడిపోతున్నాయి. చేస్తున్నదేమో గరిటె తిప్పడం. సంగతేమిటంటే, ఒళ్లు వేడెక్కితే చల్లబరచడానికి గుండె చర్మానికి ఎక్కువ రక్తం పంపాలి. చెమటకి నీరు పోతే అదే పనికి ఇంకా ఎక్కువసార్లు కొట్టుకోవాలి. అది వేడి ప్రభావం, కండరాల పని కాదు. బ్యాండుకి రెంటికీ తేడా తెలియదు. వేసవిలో వంటింటి నిమిషాల్ని నమ్మి సాయంత్రం నడక మానేసినవాళ్లు మోసపోయినట్టే, పైగా వాళ్లకి అప్పుడు కావలసింది నీళ్లూ గాలీ.

తేడా పట్టుకోవడం కష్టం కాదు, ఊపిరిని చూడాలి. పనివల్ల వేగం పెరిగితే ఊపిరి కూడా బరువెక్కుతుంది: మాట్లాడగలరు, పాట పాడలేరు. వేడివల్ల పెరిగితే చెమటలు కారుతున్నా పాట హాయిగా వస్తుంది. బీపీకి అటెనొలాల్, మెటొప్రొలాల్ లాంటి మాత్రలు వేసుకునేవాళ్లకి ఇదే సరైన కొలత. ఆ మాత్రలు గుండె వేగాన్ని అంతగా పెరగనివ్వవు కాబట్టి, నిజంగా కష్టపడ్డా బ్యాండు తక్కువే చూపిస్తుంది. వాళ్లు అంకెని చేరడానికి పని పెంచుకుంటూ పోకూడదు.

గాజులు వేసుకునే చేతికి బ్యాండు పెట్టొద్దు. గాజు తగిలి పట్టీ జరిగినప్పుడల్లా, కింద పచ్చ లైటు పక్కనుండి గుండె వేగం చదివే సెన్సరుకి బయటి వెలుతురు తగిలి రీడింగు చెడుతుంది. మణికట్టు ఎముకకి రెండు వేళ్లు పైన, కొంచెం బిగువుగా కట్టాలి. గుడ్డ పిండేటప్పుడు అంకె ఉన్నట్టుండి 150కి ఎగిరితే పట్టించుకోకండి, పిడికిలి బిగించినప్పుడు కండరాలు కదిలి వచ్చే తప్పు అది. అంట్లు తోమేటప్పుడు తీసేయడమే మంచిది. నీళ్లకి తట్టుకుంటుంది గానీ సబ్బు నురగ పట్టీ కింద ఆరిపోయి దురద పెడుతుంది, చార్జింగు పిన్నుల మీద పొర కడుతుంది. చార్జింగు ఎక్కకపోతే పారేయకుండా దూదికి సర్జికల్ స్పిరిట్ అద్ది ఆ రెండు చుక్కల్నీ తుడిచి చూడండి.

బ్యాండు అసలు చూపించనిది కండబలం. వారంలో రెండు రోజులు కండరాలకి బరువు పని ఉండాలి. ఇంటిపనిలో బరువు ఉంది గానీ పదేళ్లుగా అదే బకెట్, దానికి ఒళ్లు ఎప్పుడో అలవాటు పడిపోయింది. తోసే పని, తల మీదికి ఎత్తే పని దాదాపు ఉండవు. కుక్కరు కూతల కోసం ఆగే సమయంలో వంటగట్టు అంచుకి చేతులానించి పది పుష్‌అప్స్, కుర్చీలోంచి చేతులు పట్టకుండా పదిసార్లు లేచి కూర్చోవడం, ఇలా రెండు విడతలు చేస్తే ఆ లోటు కొంత తీరుతుంది. పొట్టి చీపురుతో వంగి ఊడవడాన్ని మాత్రం వ్యాయామం కింద రాయను, నడుం నొప్పికి దారి అది. చీపురుకి పొడుగు కర్ర కట్టుకోండి.

కొనాలా అంటే, నేలా బట్టలూ మీ చేతి మీదే నడుస్తుంటే, అడుగుల స్క్రీను తీసేసి గుండె వేగం ఒక్కటే పెట్టుకుని వాడండి, పనికొస్తుంది. ఆ రెండింటికీ మనిషో మిషనో ఉంటే ఇక మిగిలేవి ఎక్కువగా ఆ 3 గీత దాటని పనులే, బ్యాండు లేకపోయినా నడక కావాలి. మోకాళ్లు అరిగినవాళ్లకి తడిగుడ్డ గురించి చెప్పిందేదీ వర్తించదు. మా ఇంటికి డాబా మెట్లు 22, నేలంతా బండలు. లిఫ్టు ఉన్న ఫ్లాట్‌లో, బాల్కనీ తీగ మీద బట్టలారేసే ఇంట్లో నా ముప్ఫై నిమిషాలు ఇరవై కావచ్చు.